నీలం అట్ట, సగం నుంచి

సువార్తను మాణిక్యాంబ మొట్టమొదట చూసింది ఒక తగాదాలో. ఆ తగాదాలో గెలిచింది సువార్తే.

నోయిడాలో వాళ్ళుండే అపార్ట్‌మెంట్ల సొసైటీకి అప్పట్లో త్యాగీ అని ఒకాయన సెక్రటరీ. మనిషి చెడ్డవాడేం కాదు గానీ, తాళంచెవుల గుత్తి చేతికి రాగానే కొందరికి మెడ బిగుసుకుపోతుంది చూడండి, ఆ రకం. ఆ ఆదివారం కమ్యూనిటీ హాలు గుమ్మానికి అడ్డంగా నిలబడి, తాళంచెవిని చూపుడువేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతున్నాడు. ఆయనకెదురుగా, నడుం మీద ఒక చెయ్యి, భుజాన పుస్తకాల సంచీతో, యాభై దాటిన ఒకావిడ. ఆవిడ వెనక కొంతమంది తెలుగువాళ్ళు, దారిలో బస్సు చెడిపోయిన పెళ్ళివారిలా దిక్కులు చూస్తున్నారు.

మాణిక్యాంబ చలికాలపు ఎండ కోసం కిందికి దిగింది. నరసాపురం నుంచి కూతురు హైమవతి దగ్గరికి వచ్చి ఏడాది దాటినా, హిందీలో ఆవిడకు పట్టుబడినవి "కిత్నా", "బహుత్ జ్యాదా" - ఎంత, మరీ ఎక్కువ. కూరల బండివాడి వరకూ ఆ రెండూ చాలు. అయినా తగాదా అర్థం కావడానికి ఆవిడకు ఏనాడూ భాషతో పనిపడలేదు. బెంచీ మీంచి లేచి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

త్యాగీ హాలు కావాలన్న అర్జీలో సువార్త పేరు చూశాడు, ఆదివారం కావడం చూశాడు, అందరి చేతుల్లో లావుపాటి పుస్తకాలు చూశాడు. ఇది ప్రార్థన సభేనని తేల్చేశాడు. "హాల్ మే పూజా-ప్రార్థనా మనా హై, మేడమ్. రూల్ హై," అంటున్నాడు, హాల్లో పూజలూ ప్రార్థనలూ కూడదని.

సువార్త గొంతు పెంచలేదు. మొండి రోగికి సూది పొడిచే ముందు నర్సులు మాట్లాడే మెత్తటి గొంతు ఒకటుంటుంది. ఆ గొంతుతో, "త్యాగీ జీ, ఆప్ భీ అందర్ బైఠియే. ఏక్ భీ ప్రార్థనా సునాయీ దీ, తో చాబీ లేకే జాయియే," అంది. మీరూ లోపల కూర్చోండి, ఒక్క ప్రార్థన వినబడినా తాళంచెవి పట్టుకుపోండి అని. తర్వాత పక్కకు తిరిగి తెలుగులో, "ఈయన మొహం మండ, చలికి కొంకర్లు పోతన్నాం, ముందు తలుపు తియ్యనీండి," అని గొణిగింది.

ఆ గొణుగుడు చెవిన పడగానే మాణిక్యాంబకి ప్రాణం లేచొచ్చింది. ఎవరూ పిలవకుండానే అందరితోపాటు లోపలికి నడిచి, వెనక కుర్చీలో సర్దుకు కూర్చుంది.

ఢిల్లీ సాకేత్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన రామమోహనరావు అనే రిటైరైన ఆఫీసరు మొదలుపెట్టాడు. ఆ నెల చదివిన నవలలో కోడలు ఇల్లు విడిచి పోవడం తప్పన్నాడు. సువార్త తప్పు కాదంది. ఆయన కళ్ళజోడు తీశాడు. ఈవిడ కుర్చీ ముందుకు లాక్కుంది. "మూడో అధ్యాయం మీరు నిద్రలో చదివారు సార్," అని ఈవిడంటే, "మీరు ఆ అమ్మాయికి వకాల్తా పుచ్చుకుని చదివారు," అని ఆయన. బల్ల మీద చేతులు దబదబా పడ్డాయి. త్యాగీ అటూ ఇటూ తల తిప్పి తిప్పి చూసి, "అరే, యే తో ఝగడా హై!" అన్నాడు, ఇది వట్టి కొట్లాటేనని.

"హా జీ," అంది సువార్త. "హర్ మహీనే కర్తే హై."

నెలనెలా ఇంత శ్రద్ధగా పోట్లాడుకునేవాళ్ళ వల్ల సొసైటీకి వచ్చే ముప్పేమీ లేదని ఆయనకు తోచినట్టుంది. తాళంచెవి బల్ల మీద పెట్టి, కొట్టుకుంటే కొట్టుకోండి గానీ కుర్చీలు మాత్రం విరగ్గొట్టొద్దని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సువార్త తాళంచెవి అడగాల్సిన పని రాలేదు. నెలలో రెండో ఆదివారం పొద్దున్నే ఆయనే గార్డు చేత పంపేవాడు.

గెలిచిన ఊపులో సువార్త వెనక్కి తిరిగి, ఎప్పటినుంచో ఎరిగున్నట్టు, "మీరేమంటారు పిన్నిగారూ?" అంది.

మాణిక్యాంబ ఆవిడని ఎగాదిగా చూసింది. "నేను చదివానా ఏవన్నానా? ఒకటి చెప్పు. ఆ పిల్ల గడప దాటేటప్పుడు పొయ్యి మీద ఏవన్నా ఉందా?"

"పాలున్నాయి. దించి వెళ్ళింది. అక్కడితో కథ అయిపోయింది."

"మరింకెందుకూ ఈ కొట్టుకోడం? కోపంలో వెళ్ళేది పొయ్యి కేసి చూస్తుందా? తీరుబడిగా ఆలోచించుకునే వెళ్ళింది. ఇంక రాదు."

"అదేంది పిన్నిగారూ! రానిదానికి పాలు పొంగితే ఎంత, మాడితే ఎంత? దించిందంటే మళ్ళీ ఆ పొయ్యి కాడికి వచ్చేదే."

"రాదమ్మా."

"వచ్చుద్ది."

డెబ్భై ఏళ్ళ మనిషి ఒక మాట అంటే, మాటవరసకైనా ఔననకుండా ఇలా ఎదురు చెబుతుందా అని మాణిక్యాంబకి ఒళ్ళు మండింది. ఆ మాట నెగ్గించుకోడానికే పై నెల కూడా వెళ్ళింది. ఆ పై నెలా వెళ్ళింది. మాట నెగ్గలేదు గానీ, వెళ్ళడం మాత్రం మానలేదు.

సువార్తది బాపట్ల దగ్గర ఒక పల్లె. మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని, ఉద్యోగం దొరికి ఢిల్లీ వచ్చేటప్పుడు ఆవిడ ట్రంకుపెట్టెలో చీరల కంటే నవలలే ఎక్కువ. ఇక్కడ వార్డులో తెలుగు రోగి కనబడితే ముందు జ్వరం చూసేది, వెంటనే "మీ ఇంట్లో పుస్తకాలేమున్నాయి?" అని అడిగేది. జ్వరంతో ఉన్నవాడు ఏం దాస్తాడు? ఉన్నవన్నీ చెప్పేసేవాడు. రామమోహనరావు అలా హెర్నియా ఆపరేషనుకి వచ్చి దొరికినవాడే. ఆ కూటంలో సగంమంది ఆవిడ చేతి సూదిపోటు తిన్నవాళ్ళే. అప్పటికింకా నోయిడాకి మెట్రో రాలేదు. అయినా ఎక్కడెక్కడినుంచో బస్సులు పట్టుకుని, తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు.

కూటంలో సువార్త పెట్టిన నియమం ఒకటుంది. చదివిన పుస్తకాన్ని "బాగుంది" అనకూడదు. అన్నవాళ్ళు పై నెల అందరికీ పునుగులు వేసి తేవాలి. "బాగుందంటే ఏంది సార్? మంచం మీద పడున్న రోగి కూడా బాగానే ఉందంటాడు. ఎక్కడ నొప్పి, ఎప్పుడు నొప్పి, అది చెప్పాలి," అనేది. రామమోహనరావు తెలివిగా "అద్భుతం" అని చూశాడు. అదీ పునుగుల కిందికే వస్తుందని అందరూ కలిసి తీర్పు చెప్పారు. పాపం ఆయన భార్య కమలాకుమారి, మొగుడికి ఏ పుస్తకం నచ్చినా మినప్పప్పు డబ్బా కేసి చూసుకునేది.

మాణిక్యాంబ ఒక్కసారి కూడా పునుగులు తేలేదు. దేన్నయినా బాగుందనడం ఆవిడ నోటికి అలవాటు లేదు.

ఆవిడ చదువు మూడో తరగతితో ఆగింది. హైమవతీ అల్లుడూ ఆఫీసులకు పోయాక, తలుపు గడియ పెట్టుకుని, బాల్కనీ ఎండలో కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టి, పైకి కూడబలుక్కుంటూ చదివేది. నెల తిరిగేసరికి నాలుగైదు అధ్యాయాలయ్యేవి. కూటానికి వెళ్ళి, "ఇంట్లో పనుల్తో ఇంతవరకే వచ్చాను. ఇది దాటి ఎవరన్నా ముందుకెళ్ళి మాట్లాడారో ఊరుకోను," అనేది. వాళ్ళూ ఆవిడ ఎక్కడికి వచ్చిందో అక్కడే ఆగి పోట్లాడుకునేవాళ్ళు. కథ ఆఖరు ముందే చెప్పేయడం అక్కడ అన్నిటికంటే పెద్ద తప్పు.

కూటం ముగిసే ముందు, పై నెల ఏం చదవబోతున్నారో ఒక్కొక్కళ్ళూ చెప్పాలి. అందరి తర్వాత సువార్త చెప్పేది. ఎప్పుడూ ఒకటే మాట: "నీలం అట్ట, సగం నుంచి." పై నెల వచ్చి, "కుదరలేదు," అనేది. తక్కినవాళ్ళు ఎవరైనా చదవలేదంటే చెవులు పిండే మనుషులు, ఆవిడ కుదరలేదంటే మాత్రం కళ్ళు దించుకుని సంచులు సర్దుకునేవాళ్ళు.

ఇదేదో ఉందనుకుంది మాణిక్యాంబ. ఒకనాడు రామమోహనరావుని బస్టాపు దాకా సాగనంపే నెపంతో వెంట నడిచి, విషయం రాబట్టింది.

సువార్త భర్త జక్కయ్య టైపిస్టు. పాత ఢిల్లీలో దర్యాగంజ్ ఆదివారం బజారులో, పేవ్‌మెంటు మీద పోసిన ఇంగ్లీషు, హిందీ పుస్తకాల గుట్టలో ఆయనకు ఒక తెలుగు నవల దొరికింది. దానిది నీలం అట్ట. డ్యూటీ నుంచి వచ్చి సువార్త వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, ఆయన పైకి చదివేవాడు. అధ్యాయం అయ్యేసరికి ఆపేసేవాడు. ముందేం జరుగుతుందో ఇద్దరూ పందెం కాసుకునేవాళ్ళు. ఓడినవాళ్ళు పొద్దున్నే లేచి టీ పెట్టాలి. నవలలో నరహరి అని పెద్దకొడుకు, తండ్రితో మాటా మాటా వచ్చి ఇల్లు విడిచి పోతాడు. ఇక తిరిగి రాడని జక్కయ్య. వస్తాడని సువార్త. పందెం అక్కడ ఆగింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం జక్కయ్య ఆఫీసులో, టైపు మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

"ఆ సగం పుస్తకం ఆవిడ ఒక్కతీ చదవలేదు, మాణిక్యాంబగారూ," అన్నాడు రామమోహనరావు. "ఆఖరు మాత్రం ఎవరూ చెప్పకూడదంది. నా దగ్గరున్న కాపీ అందరూ చదివారు. ఆవిడ ముందు మాత్రం ఆ మాట ఎత్తం. మీరూ ఎత్తకండి."

"నాకు ఆఖరు తెలిస్తే కదండీ ఎత్తడానికి! నాకూ చెప్పకండి," అంది మాణిక్యాంబ. ఆ రోజు నుంచి ఆవిడా ఆ కాపలాలో చేరింది. సువార్త ఎదుట నీలం అట్ట ఉన్న ఏ పుస్తకం మాటా ఎవరి చేతా ఎత్తనివ్వలేదు.

ఇంతమంది ఇంత కాపలా కాసి, కొత్తగా చేరిన పిల్లకు చెప్పడం మరిచిపోయారు. అందరికీ తెలిసిన సంగతి తెలియని మనిషి ఒకరు ఉంటారని ఎవరికీ తోచలేదు.

ఆ పిల్ల పేరు స్నిగ్ధ. వరంగల్ పిల్ల, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి రోజు కదా, ఈమధ్య చదివిందేదైనా చెప్పమంది సువార్తే.

"మొన్న ఊరికి పోయినప్పుడు మా తాత అల్మార్ల ఒక నవల దొర్కింది ఆంటీ. అట్ట నీలం రంగుంటది. అండ్ల పెద్దకొడుకు, నరహరి, నాయినతోని కొట్లాడి ఇల్లిడిసి పోతడు సూడున్రి..."

రామమోహనరావు దగ్గాడు. కమలాకుమారి గబగబా మంచినీళ్ళు అందించింది. తనకు మర్యాద చేస్తున్నారనుకుని ఆ పిల్ల నీళ్ళు తాగి, ఇంకా ఉత్సాహంగా అందుకుంది.

"నేనైతే మస్తు ఏడ్చిన. ఆఖర్ల జోరుగ వాన పడ్తుంటది, నరహరి గుమ్మంల నిలవడి..."

మాణిక్యాంబకి ఇంకో దారి తోచలేదు. బల్ల మీదున్న స్టీలు పళ్ళేన్ని చేత్తో ఒక్క తోపు తోసింది. పళ్ళెం గచ్చు మీద పడి హాలంతా మోగింది. పునుగులు కుర్చీల కిందికి దొర్లుకుంటూ పోయాయి. ఆ చప్పుడు ఆగాక చూస్తే, సువార్త ఒక్కతే కదలకుండా కూర్చుని ఉంది.

"గుమ్మంలో నిలబడి?" అంది.

రామమోహనరావు వంగి కుర్చీల కింద పునుగులు ఏరడం మొదలుపెట్టాడు. సువార్త సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. పై నెల ఎవరేం చదువుతారో వినకుండా ఆవిడ వెళ్ళడం అదే మొదలు.

"నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అని స్నిగ్ధ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నువ్వు కాదమ్మా. నోళ్ళున్నవాళ్ళం ఇంతమందిమి ఉండి, ఆ ఒక్క ముక్కా నీకు చెప్పలేకపోయాం," అని మాణిక్యాంబ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగి, వాళ్ళకు తగిన మాటలు వాళ్ళకు అప్పగించింది.

తర్వాతి నెల కూటం లేదని సువార్త రామమోహనరావుకి ఫోన్లో చెప్పింది. ఎందుకు లేదో చెప్పలేదు. రెండో ఆదివారం పొద్దున్న త్యాగీ పంపిన తాళంచెవిని ఆవిడ పుచ్చుకోకపోతే, గార్డు తెచ్చి మాణిక్యాంబ చేతిలో పెట్టాడు. "మాతాజీ, ఆజ్ లడాయీ నహీ హై?" అని అడిగాడు. ఈవేళ పోట్లాట లేదా అని. మాణిక్యాంబ తాళంచెవిని దేవుడి గూట్లో పెట్టింది. తనంత తాను వెళ్ళి సువార్త తలుపు కొట్టడం ఆవిడకు చేతకాదు. పిలవని గుమ్మం తొక్కే అలవాటు ఆవిడకు ఆ ఒక్క హాలు విషయంలో తప్ప లేదు. కానీ ఇక ఆ హాలు తలుపు తెరుచుకోదేమో, ఆ సగం పుస్తకం అలా సగంగానే ఉండిపోతుందేమో, ఒట్టినోటికి మళ్ళీ కూరల బండివాడే గతేమో అని లోపల్లోపల గుబులుగా ఉంది.

బుధవారం మధ్యాహ్నం బెల్లు మోగింది. సువార్త. చేతిలో పాలిథిన్ సంచీ.

"ఎవరూ లేరా పిన్నిగారూ?"

"పట్టపగలు ఈ ఊళ్ళో ఇళ్ళల్లో ఎవరుంటారు, నాలాటిది తప్ప? రా. పునుగులు నేలపాలు చేసినందుకు దండగ కట్టించుకుందామని వచ్చావా?"

సువార్త నవ్వలేదు. బాల్కనీలో ఎండ పడేచోట కూర్చుని సంచీలోంచి పుస్తకం తీసింది. నీలం అట్ట వెలిసి బూడిదరంగుకి వచ్చింది. మధ్యలో గుర్తుగా కార్బన్ కాగితం ముక్క.

"పందెం నేనే గెలిచాను పిన్నిగారూ. నరహరి వచ్చాడు. ఆ పిల్ల నోటితో అన్నప్పుడు ముందు సంతోషమే వేసింది, చూశావా అని పక్కకు తిరిగాను. తిరిగితే పక్కన రామమోహనరావుగారు. చెప్పుకోడానికి మనిషి లేకపోయాక గెలిచి ఏం చేసుకుంటాను? ఇంక ఆ పుస్తకం తెరవను. మీటింగు పెట్టబుద్ధి కూడా కాట్లేదు."

మరొకరైతే చెయ్యి పట్టుకుని ఓదార్చేవాళ్ళు. మాణిక్యాంబకి ఓదార్చడం రాదు. ఆవిడ నోటికి వచ్చింది ఆవిడ అంది.

"ఏం గెలిచావే, గెలిచావు? గుమ్మంలో నిలబడ్డాడనేగా ఆ పిల్ల అంది? గుమ్మంలో నిలబడ్డవాడల్లా ఇంట్లోకి వచ్చినట్టేనా? పోస్టువాడూ నిలబడతాడు. ఆవేళ హాలు గుమ్మంలో త్యాగీ నిలబడలేదూ? తండ్రి రమ్మనాలి, వీడు అడుగు లోపల పెట్టాలి. వానకి ఆగి, వెలిశాక తన దారిని తాను పోయాడేమో, నీకేం తెలుసు?"

సువార్త తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. చూసి చూసి, ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూనే పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆయనా ఇట్టాగే పిన్నిగారూ. అచ్చం ఇట్టాగే. ఓడిపోతన్నాడని తెలిస్తే చాలు, ఏదో ఒక గుమ్మం కాడ నన్ను ఆపేసేవాడు."

"ఓడిపోవడమేంటి? ఉన్న మాటే అన్నాను."

సువార్త నీలం అట్ట పుస్తకాన్ని తెచ్చి మాణిక్యాంబ ఒళ్ళో పెట్టింది.

"ఇదేంటి, నేనా?" మాణిక్యాంబ ముడుచుకుపోయింది. "నా చదువు విని నవ్వుకుందామనా? రామమోహనరావుగారిని పిలువు, రేడియోలో వార్తల్లాగా చదివేస్తారు. లేకపోతే నీ కూతురు లేదూ?"

"షెరిన్‌కి తెలుగు మాట్లాడితే తెలుసుద్ది గానీ చదవడం రాదు. మమ్మీ, స్టోరీ నెట్‌లో దొరుకుతుంది కదా, దేఖ్ లో, చూసుకో, అంటది. రావుగారికీ మిగతావాళ్ళకీ ఆఖరు తెలుసు. తెలిసినోళ్ళతో నేను పందెం ఏం కాస్తాను? తెలియంది ఇంక మీ ఒక్కరికే."

"అది కాదమ్మా. నేను చదవడమంటే..." మాణిక్యాంబ ఆగిపోయింది. ఏడాదికి పైగా కూటంలో ఎవరికీ చెప్పని మాట అది.

"తెలుసు పిన్నిగారూ. పోయిన వేసవిలో పుస్తకం ఇద్దామని వచ్చి, మీ తలుపు బయట నిలబడి విన్నాను. ఒక్కో అక్షరం తడుముకుంటా, రాసినాయన్ని మధ్యమధ్యలో తిట్టుకుంటా చదువుతున్నారు. బెల్లు కొట్టబుద్ధి కాలేదు."

"విని ఊరుకున్నావా ఇన్నాళ్ళూ!"

"గబగబా చదివేవాళ్ళయితే ఈ సగం ఒక్క ఆదివారంలో అయిపోద్ది. నాకు అంత తొందరగా అయిపోకూడదు." సువార్త ముందుకు వంగి, కార్బన్ కాగితం ఉన్నచోట పుస్తకం తెరిచి, ఆవిడ వేలు పట్టుకుని మొదటి అక్షరం కింద ఆనించింది. "మీరు చదవండి. మీ ఇష్టం వచ్చినంత నెమ్మదిగా చదవండి. అధ్యాయం అయిన చోటల్లా ఆపి, ఆయన పక్షాన నాతో పోట్లాడండి. ఆఖరి పేజీ దాకా, నరహరి రాడనే అనండి."